బేకర్ స్ట్రీట్ నుంచి బొర్రా దాకా



లండన్ నుంచి కార్డిఫ్ వెళ్లే రైల్లో ఇద్దరు రచయితలు తరచూ కలిసి ప్రయాణం చేసేవారు. ఒకరు స్టీవెన్ మొఫాట్, ఇంకొకరు మార్క్ గేటిస్. ‘డాక్టర్ హూ’ అనే టీవీ ధారావాహిక పని మీద ఆ రాకపోకలు. ఇద్దరికీ షెర్లాక్ హోమ్స్ అంటే పిచ్చి ఇష్టం. ఆ రైలు కబుర్లలో ఒక సంగతి బయటపడింది. కానన్ డాయల్ రాయగా 1887లో అచ్చయిన మొదటి హోమ్స్ నవలలో డాక్టర్ వాట్సన్ అఫ్ఘానిస్తాన్ యుద్ధంలో గాయపడి లండన్ చేరతాడు. నూట ఇరవై ఏళ్లు గడిచాక కూడా బ్రిటిష్ సైనిక డాక్టరు ఒకడు అదే దేశంలో గాయపడి అదే లండన్‌కి రావచ్చు. కాలం మారింది కానీ వాట్సన్ గాయం మారలేదు. అలాంటప్పుడు గుర్రపు బగ్గీలు, గ్యాసు దీపాలు పక్కనపెట్టి హోమ్స్‌నీ వాట్సన్‌నీ నేరుగా నేటి లండన్ వీధిలోకి ఎందుకు దించకూడదు?

అలా పుట్టింది ‘షెర్లాక్’. 2010 జూలై 25న బీబీసీ వన్‌లో మొదటి ఎపిసోడ్ వచ్చింది. బెనెడిక్ట్ కంబర్‌బ్యాచ్ హోమ్స్, మార్టిన్ ఫ్రీమన్ వాట్సన్. 2017 జనవరిలో ముగిసేసరికి మొత్తం పదమూడంటే పదమూడే ఎపిసోడ్లు. మన టీవీ సీరియళ్ల లెక్కలో అది రెండున్నర వారాల సరుకు. ఒక్కొక్కటి సినిమా అంత నిడివి మరి.

పాత కథను కొత్త కాలానికి తేవడమంటే బగ్గీ తీసేసి కారు పెట్టడమే అయితే అందులో గొప్పేమీ లేదు. ఈ ధారావాహిక పనితనం చిన్న చిన్న చోట్ల కనిపిస్తుంది. ‘ద సైన్ ఆఫ్ ఫోర్’ నవలలో వాట్సన్ ఒక పాత జేబు గడియారం హోమ్స్ చేతికిస్తాడు. తాళం చెవి దూర్చే కన్నం చుట్టూ గీతలున్నాయి కాబట్టి దీని యజమాని చేతులు వణికే తాగుబోతు అని హోమ్స్ తేలుస్తాడు. అది వాట్సన్ అన్నగారి గడియారం. టీవీలో ఆ గడియారం మొబైల్ ఫోన్ అయింది. ఛార్జర్ గుచ్చే చోట గీతలున్నాయి, రాత్రి తాగిన మైకంలో గుచ్చబోయి పక్కన గీకినవి. వస్తువు మారినా తర్కం వెంట్రుకవాసి కదలలేదు. పైగా, ఫోన్ మీద ‘హ్యారీ’ అన్న పేరు చూసి షెర్లాక్ అన్నయ్య అనుకుంటాడు. తీరా చూస్తే ఆమె అక్క, హ్యారియెట్. మూల కథ చదివి, జవాబు ముందే తెలుసులే అని కాలు మీద కాలు వేసుకుని కూర్చున్న ప్రేక్షకుడికి ఆ దెబ్బ!

పొగ సంగతీ అంతే. మూడు పైపుల పొగాకు పీల్చితే గానీ తెగని సమస్య అనేవాడు పాత హోమ్స్. నేటి లండన్‌లో పొగ తాగడానికి చోటెక్కడిది? కొత్త షెర్లాక్ చేతికి మూడు నికోటిన్ పట్టీలు అంటించుకుని ఆలోచిస్తాడు. వాట్సన్ పత్రికకి కథలు రాయడం మానేసి బ్లాగు రాస్తాడు. ఫోన్‌లో వచ్చే సందేశాలను తెర మీద గాలిలో తేలే అక్షరాలుగా చూపించిన ఎత్తుగడ తర్వాత ఎన్నో సినిమాల్లో మామూలైపోయింది.

నిజానికి హోమ్స్‌ను వర్తమానంలోకి లాక్కురావడం కొత్తేమీ కాదు. 1942లోనే హాలీవుడ్ బేసిల్ రాత్‌బోన్ హోమ్స్‌ను రెండో ప్రపంచయుద్ధంలోకి దించి నాజీ గూఢచారుల మీదికి తోలింది. మన దూరదర్శన్ మాత్రం ఎదురు దారిలో వెళ్లింది. శరదిందు బంద్యోపాధ్యాయ 1932లో మొదలుపెట్టిన డిటెక్టివ్ బ్యోమకేశ్ బక్షీ కథలను 1993లో బాసు ఛటర్జీ హిందీలో తీసినప్పుడు పాత కలకత్తా అలాగే ఉంచాడు. పంచె కట్టుకుని, నెమ్మదిగా మాట్లాడే బ్యోమకేశ్ పాత్రధారి రజిత్ కపూర్‌కి తుపాకీ అవసరం పెద్దగా పడలేదు. కాలం మార్చాలా వద్దా అన్నది దర్శకుడి ఇష్టం. మూల కథలో ఏది సజీవంగా ఉంది, ఏది కుళ్లిపోయింది అని పసిగట్టడం మాత్రం తప్పదు.

తెలుగువాళ్లకి డిటెక్టివ్ కొత్త చుట్టం కాదు. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన యుగంధర్, అతని అసిస్టెంట్ రాజు అద్దె పుస్తకాల దుకాణాల్లో చేతులు మారి మారి అట్టలు ఊడిపోయేదాకా తిరిగారు. మల్లాది వెంకటకృష్ణమూర్తి నవల ‘చంటబ్బాయ్’ 1986లో జంధ్యాల చేతిలో సినిమా అయ్యి, డిటెక్టివ్‌ను చూసి కడుపుబ్బా నవ్వుకోవచ్చని నేర్పింది. 2019లో నెల్లూరు నుంచి ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’ వచ్చాడు. 2024 క్రిస్మస్‌కి ‘శ్రీకాకుళం షెర్లాక్ హోమ్స్’ అని పేరు పెట్టుకుని వెన్నెల కిశోర్ మన ఉత్తరాంధ్రకే వచ్చాడు. నెల్లూరు అయింది, శ్రీకాకుళం అయింది. ఘాట్ రోడ్డు ఎక్కి అరకు రావడానికి మాత్రం ఈ డిటెక్టివ్‌లకి ఇంకా తీరిక దొరకలేదు. సినిమా యూనిట్లు రాక కాదు. పాటల కోసం వస్తారు, పొగమంచు కోసం వస్తారు, ఈమధ్య గంజాయి కథల కోసమూ వస్తున్నారు. 2025 సెప్టెంబరులో వచ్చిన క్రిష్ సినిమా ‘ఘాటీ’ ఈ తూర్పు కనుమల గంజాయి మోతల చుట్టూ అల్లిందే. కొండ నేరానికి రంగస్థలమవుతోంది. ఆ నేరాన్ని విప్పే బుర్ర మాత్రం ఎప్పుడూ కింది నుంచే వస్తోంది.

నేరం అడవి మనిషిది, తెలివి పట్నం మనిషిది అనే ఈ అలవాటు డాయల్ నుంచే ఉంది. ఇందాక చెప్పిన ‘ద సైన్ ఆఫ్ ఫోర్’లోనే టోంగా అని ఒక అండమాన్ ఆదివాసి ఉంటాడు. పొట్టివాడు, వికారమైనవాడు, గొట్టంలోంచి విషపు ముల్లు ఊది మనుషుల్ని చంపేవాడు. నేలమీది దుమ్ముతో సహా ప్రతిదీ తన కళ్లతో చూస్తే గానీ నమ్మని హోమ్స్, ఇక్కడ మాత్రం అలమారలోంచి ఒక పుస్తకం తీసి, అండమాన్ ఆదివాసులు నరమాంసం తింటారని అందులో రాసి ఉంటే మారుమాట లేకుండా ఒప్పేసుకుంటాడు. అండమాన్ వాసుల ఆయుధాలు విల్లు, బాణం. ఊదుగొట్టం వాళ్లు వాడింది లేదు. నరమాంసం మాట ఉత్త పుకారు. ప్రపంచంలోకెల్లా నిశితంగా చూసేవాడని పేరుపడ్డ డిటెక్టివ్ ఒక మనిషిని చూడకుండానే తీర్పు చెప్పిన చోటు అది. అప్పట్లో ఆ పద్ధతి కథలకే పరిమితం కాలేదు. 1871లో తెచ్చిన నేరస్థ తెగల చట్టం ఫలానా కులంలో, తెగలో పుట్టడాన్నే అనుమానించడానికి ఆధారం చేసింది. 1911 సవరణతో మద్రాసు ప్రెసిడెన్సీకీ పాకి, తెలుగు జిల్లాల్లో ఎరుకల వంటి వారిని దశాబ్దాల పాటు పోలీసు హాజరుకి కట్టేసింది. దేశమంతటా 1952లో గానీ రద్దు కాలేదు.

మరి బీబీసీ టోంగాను ఏం చేసింది? 2014లో ఈ నవల ఆధారంగా తీసిన ‘ద సైన్ ఆఫ్ త్రీ’లో హంతకుడి స్థానం నుంచి అతన్ని తప్పించేసింది. చంపడానికి వచ్చినవాడు పెళ్లి ఫొటోగ్రాఫర్. కెమెరా పట్టుకున్నవాడు ఏ ఫొటోలోనూ ఉండడు, పెళ్లిలో అతన్ని ఎవరూ పట్టించుకోరు. హత్య చేయడానికి అంతకన్నా మంచి వేషం ఏముంటుంది? పాత కథలోని కుళ్లును కోసేసిన చోట కొత్త చిగురు వేయించడమంటే ఇదీ. అయితే వీళ్లని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. ఇదే ధారావాహికలో 2010లో వచ్చిన ‘ద బ్లైండ్ బ్యాంకర్’ నిండా చైనావాళ్లంటే సర్కస్సులు, రహస్య ముఠాలు, గోడల మీద వింత గుర్తులే. చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉన్నంత మాత్రాన కథకుడి కళ్లద్దాలు కొత్తవైపోవు.

ఇంకో పాత కథ ఈ కొండల్లో వినిపిస్తే జనం పకపకా నవ్వుతారు. 1892 నాటి ‘ద స్పెకిల్డ్ బ్యాండ్’. కలకత్తాలో వైద్యం చేసి ఇంగ్లండ్ తిరిగొచ్చిన డాక్టర్ రాయ్‌లట్ ఇండియా నుంచి తెప్పించిన ఒక పామును గంట తాడు మీదుగా పక్క గదిలోకి దింపి చంపిస్తాడు. పాము ఈల వేస్తే వెనక్కి వస్తుంది. గిన్నెలో పాలు పోస్తే తాగుతుంది. ఆ ఇంటి తోటలో ఇండియా నుంచే తెప్పించిన చీతాతో పాటు బబూన్ అనే కొండముచ్చులాంటి కోతి కూడా తిరుగుతుంటుంది. బబూన్‌లు ఇండియాలో లేవు. డాయల్ చెప్పిన చిత్తడి పాము కూడా లేదు. పాలు తాగే పామంటారా, ఏటా నాగుల చవితికి పుట్టలో పాలు పోసే మనం ఆ విషయంలో డాయల్‌ను మరీ వేళాకోళం చేయకపోవడమే మర్యాద.

‘షెర్లాక్’ వాళ్లు ఈ కథను పూర్తి ఎపిసోడ్‌గా ముట్టుకోలేదు. లండన్‌లో దాన్ని బతికించడం కష్టం కావచ్చు. మన అరకు గిరిజన ప్రాంతంలో, అంటే ఏజెన్సీలో అసలు కష్టమే లేదు, ఎందుకంటే డాయల్ ఊహించలేని పాము ఇక్కడ నిజంగానే ఉంది. కట్లపాము. నల్లటి ఒంటి మీద తెల్లని సన్నటి పట్టీలు. రాత్రిపూట తిరుగుతుంది, నేలమీద పడుకున్నవారిని నిద్రలో కాటేస్తుంది. చాలాసార్లు నొప్పి ఉండదు, వాపు ఉండదు, కాటు గుర్తు కంటికి ఆనదు. తెల్లవారుజామున కడుపులో నొప్పి అంటారు. తర్వాత కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దవుతుంది, ఊపిరి అందదు. వేళకి విషానికి విరుగుడు మందు, అవసరమైతే వెంటిలేటరు అందకపోతే మనిషి దక్కడు. తలుపు లోపల గడియ పెట్టి ఉంది, ఒంటిమీద గాయం లేదు, రాత్రి బాగానే ఉన్న మనిషి పొద్దుటికి లేడు. తాళం వేసిన గది రహస్యం అంటారే, అది ఇక్కడ ప్రకృతి రాసిపెట్టింది.

ఇక పొగమంచు. పొగమంచంటే హోమ్స్ అభిమానులకి ముందుగా గుర్తొచ్చేది 1901–02లో వచ్చిన ‘ద హౌండ్ ఆఫ్ ద బాస్కర్‌విల్స్’. డార్ట్‌మూర్ అనే నిర్జన ప్రదేశం, ఒక వంశానికి తగిలిన శాపం, రాత్రిపూట మెరిసే కళ్లతో ఒక భూతం లాంటి వేటకుక్క. చివరికి చూస్తే ఆ మెరుపు ఫాస్ఫరస్ పూత, ఆ భూతం వెనుక ఆస్తి కోసం కాచుకున్న చుట్టం. 2012లో టీవీకి తెచ్చినప్పుడు శాపాన్ని తీసేసి, బాస్కర్‌విల్ భవంతిని సైనిక పరిశోధన కేంద్రంగా మార్చారు. అక్కడి లోయలో కమ్మే మంచులోనే భయాన్ని పుట్టించే రసాయనం కలిసి ఉంది. పీల్చినవాడికి లేని రాక్షసి కనిపిస్తుంది. మూఢనమ్మకం పల్లెటూరి వాళ్లది, హేతువు పట్నం వాళ్లది అన్న పాత పంపకం అక్కడ తలకిందులైంది. భయాన్ని తయారుచేసింది చదువుకున్నవాళ్ల ప్రయోగశాల.

తెలుగులోనూ ఈ కథకు దగ్గరి బంధువులు ఉన్నాయి. 1985లో వంశీ తీసిన ‘అన్వేషణ’లో పక్షుల కూతల మీద పరిశోధనకని భానుప్రియ అడవికి వస్తుంది. అక్కడ వరుసగా మనుషులు చనిపోతుంటారు. పులి చంపుతోందా, మనిషా? తలకోన అడవి, ఇళయరాజా సంగీతం కలిసి ప్రేక్షకుణ్ణి కుర్చీ అంచున కూర్చోబెట్టాయి. 2024 నవంబరులో జీ5లో వచ్చిన ‘వికటకవి’ ఇంకా దగ్గర. 1970ల నాటి తెలంగాణ, తూర్పు కనుమల్లోనే భాగమైన నల్లమల పక్కన అమరగిరి అనే ఊరు. దేవతల గుట్టకి వెళ్లినవాళ్లు జ్ఞాపకం పోగొట్టుకుంటారు. ఊరంతా అమ్మవారి శాపం అంటుంది. ఉస్మానియా విద్యార్థి రామకృష్ణ, ఆ పాత్రలో నరేశ్ అగస్త్య, గుట్ట ఎక్కుతాడు. దర్శకుడు ప్రదీప్ మద్దాలి కాలాన్ని, యాసను శ్రద్ధగా పట్టుకున్నాడు. కానీ ఇక్కడా పాత పంపకమే: శాపం ఊరిది, తెలివి యూనివర్సిటీది. బీబీసీ ఆ ఒక్క ముడి తిప్పి చూపించిన పన్నెండేళ్లకు వచ్చిన కథ ఇది. మనవాళ్లూ ఆ ముడి ఒకసారి తిప్పి చూడాల్సింది.

కొండ మీద పుట్టి పెరిగిన మనిషే హోమ్స్ అయితే ఎలా ఉంటుంది? మొదటి కథలోనే వాట్సన్ రాసుకుంటాడు, ప్యాంటు మీద పడ్డ బురద చుక్కల రంగు చూసి అది లండన్‌లో ఏ పేటదో హోమ్స్ చెప్పగలడని. అరకులో ఆ విద్యకి కావలసినంత పని. కాఫీ కోసే రోజులా, మిరియాలు దింపే రోజులా అన్నది చేతి వేళ్ల మీద తెలుస్తుంది. సిల్వర్ ఓక్ చెట్టెక్కి మిరియం తీగ నుంచి కోసినవాడి మోచేతుల మీద గీతలు వేరు, కింద కాఫీ పండ్లు దూసినవాడి గోళ్ల రంగు వేరు. సంతలో ఎవరు కువి భాష మాట్లాడతారు, ఎవరు ఆదివాసీ ఒడియాలో బేరమాడతారు, ఎవరు కింది నుంచి వచ్చి రెండూ రానట్టు నటిస్తారు అన్నది చెవి పెట్టి వినేవాడికి పెద్ద ఆధారం.

రైలు కూడా ఉంది. 1908 నాటి ‘ద బ్రూస్–పార్టింగ్టన్ ప్లాన్స్’ కథలో శవాన్ని రైలుపెట్టె పైకప్పు మీద పడేస్తారు. అది కొంత దూరం పోయి, పట్టాలు మలుపు తిరిగే చోట కింద పడుతుంది. చంపింది ఒక చోట, దొరికింది ఇంకో చోట. ‘షెర్లాక్’ 2010లో ‘ద గ్రేట్ గేమ్’లో ఈ ఉపాయాన్ని యథాతథంగా వాడుకుంది. అరకు మీదుగా పోయే కొత్తవలస–కిరండూల్ లైను మీద అది యథాతథంగా కుదరదు. పైన 25 కిలోవోల్టుల కరెంటు తీగ, దారిలో 58 సొరంగాలు. పైకప్పు మీద ఏదీ దాగదు. కానీ ఈ లైను వేసిందే బైలదిల్లా ఇనుప ఖనిజం విశాఖ రేవుకి దించడానికి. పైకప్పు లేని వ్యాగన్లు రోజూ ఆ సొరంగాల గుండా దిగుతుంటాయి. ఘాట్‌లో ఎక్కడో కొండవాలు నుంచి ఆ ఖనిజం మీద పడ్డ శవం, రేవులో వ్యాగన్ బోర్లించే యంత్రం దగ్గర గానీ బయటపడదు. కింది పోలీసులు బట్టల మీది ఎరుపు చూసి ఎర్రమట్టి అనుకుంటారు. అది మట్టి కాదని, ఇనుప ధూళి అని, ఏ మలుపులో బండి నెమ్మదిస్తుందో కూడా బొర్రా దగ్గర పట్టాల పక్కన పెరిగినవాడు చెబుతాడు.

హత్యకి కారణం కూడా అరువు తెచ్చుకోనక్కర్లేదు. బాస్కర్‌విల్ కథలో కారణం వారసత్వపు ఆస్తి. ఇక్కడ భూమి కథ అంతకంటే చిక్కు. జనం వన్ ఆఫ్ సెవెంటీ అని పిలిచే 1970 నాటి భూబదలాయింపు నిబంధన ప్రకారం ఏజెన్సీలో గిరిజనేతరుడి పేరు మీదికి భూమి మారడం చెల్లదు. అనంతగిరి మండలం బొర్రా చుట్టుపక్కల గ్రామాల్లో గనుల లీజుల మీద ‘సమత’ సంస్థ నడిపిన కేసులో 1997 జూలైలో సుప్రీంకోర్టు ఇంకో మెట్టు ఎక్కి, గిరిజన ప్రాంతంలో ప్రభుత్వం కూడా ప్రైవేటు కంపెనీలకి లీజులివ్వడానికి వీల్లేదని తేల్చింది. చట్టం తలుపు మూసినచోట ఆశ కిటికీ వెతుక్కుంటుంది. తన పేరు చెల్లదని తెలిసిన పెట్టుబడిదారు గిరిజనుడొకడి పేరు అడ్డం పెట్టుకుంటాడు. బినామీ. అలా అడ్డం పెట్టుకున్న మనిషి ఒకరోజు ఎదురు తిరిగితే? హోమ్స్ కథలన్నీ కలిపి అరవై. వాటిలో సగానికి పైగా ఇంతకంటే పలచటి కారణాల మీదే నడిచాయి.

వాట్సన్ ఎవరంటారా? మూల కథలోనే జవాబుంది, డాక్టరు. అరకు పక్కన ఏదో ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి కొత్తగా వచ్చిన అమ్మాయి అనుకుందాం. మైదానంలో పుట్టింది, భాష రాదు, అడిగిందే అడుగుతుంది. ఆమె అడగబట్టే మనకూ తెలుస్తుంది. వాట్సన్ ఉద్యోగమే అది. డిటెక్టివ్ ఆమెతో పాటు ఊళ్లు తిరిగే ఆరోగ్య కార్యకర్త కావచ్చు, నడివయసు మనిషి, అందరూ అక్కా అని పిలిచే మనిషి, ఏ ఇంట్లో ఎవరు ఏ చాప మీద పడుకుంటారో తెలిసిన మనిషి.

ఇలాంటి ధారావాహిక తీస్తే, మొదటి ఎపిసోడ్‌లో తెల్లవారుజామున డోలీ కట్టి ఒకాయన్ని మోసుకొస్తారు. రెప్పలు వాలిపోయి ఉన్నాయి, దారిలోనే ఊపిరి ఆగింది. డాక్టరమ్మ కట్లపాము కాటు అని రాయబోతుంది. అక్క ఆపుతుంది. ఈయన ఏనాడూ నేలమీద పడుకోడు, నడుం నొప్పికి తనే మంచం ఇప్పించింది. పైగా ఎడమ బొటనవేలికి ఇంకా చెరగని ముద్ర సిరా ఉంది. చదువు రాని మనిషి నిన్న రాత్రి ఏ కాగితం మీద వేలేశాడో కనుక్కోవడానికి ఇద్దరూ సంతరోజున బయల్దేరతారు.